ఆలస్యపు న్యూట్రాన్లు

మా యూనివర్సిటీలో రియాక్టర్ లేదు.
సిలబస్‌లో ఉంది. ఏడో సెమిస్టరు, ఐచ్ఛికం.
కాకినాడ ఉప్పుగాలికి ఊచలు తుప్పట్టిన
మెకానికల్ బ్లాకు మేడమీద
రోజూ సుద్దముక్కతో నేనే కడతాను,
గంట కొట్టగానే నేనే తుడిచేస్తాను.

పదిమంది లేకపోతే కోర్సు ఎత్తేస్తామని
ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.
తొమ్మిది మంది కళ్ళెదుట ఉంటారు.
పదో పేరు రిజిస్టర్లో ఉంటుంది,
మనిషి మాత్రం తొమ్మిదింటి క్లాసుకి
తొమ్మిదీ నలభైకి.

గుబ్బల పల్లాలమ్మ.
నాయనమ్మ పేరట, మార్చుకోనంది.
ముక్తేశ్వరం రేవులో పంటు నిండితేగాని కదలదు,
వేసవిలో కదిలినా మేట తగిలి మొరాయిస్తుంది.
కోటిపల్లిలో దిగి, బస్సులో నిలబడి,
తడి చెప్పులు గుమ్మం బయట విడిచి
లోపలికి రావచ్చా అని అడగదు.
"వచ్చేశానండి" అంటుంది.

ఆవేళ గొలుసు చర్య చెబుతున్నాను.
ఒకటి రెండై, రెండు నాలుగై,
రెప్ప ఎత్తేలోపు అన్నీ పుట్టేస్తే
ఏ చెయ్యి అందుకుంటుంది, ఏ కడ్డీ దిగుతుంది?
అయితే వెయ్యింటికి ఓ ఆరున్నర
అప్పుడే పుట్టవర్రా, అన్నాను.
దారిలో ఎక్కడో ఆగిపోయి,
కొన్ని సెకనుకి, కొన్ని పది సెకన్లకి,
మరీ బద్ధకమైనవి నిమిషం దాటాక
తీరిగ్గా వస్తాయి.
ఆ ఆరున్నర కోసమని
అంత కొలిమీ మనిషి చేతి వేగానికి దిగొస్తుంది.
అవి లేకపోతే
ఈ పాఠం చెప్పడానికి నేనుండను, వినడానికి మీరూ...

"వచ్చేశానండి."

క్లాసు గొల్లుమంది.
కూర్చో, నీ గురించే చెబుతున్నానన్నాను.
తిట్టాననుకుంది పిచ్చిపిల్ల.
చివరి బెంచీలో తలొంచుకుని
బోర్డు మీదున్న ఆరున్నర
తన హాజరు శాతమేమోనని కాబోలు
రెండుసార్లు రాసుకుంది.

తర్వాతి వారం, శేషతాపం.
రియాక్టర్ ఆపేసినా ఆరదు, అన్నాను.
మీట నొక్కిన క్షణంలో నూటికి ఆరేడు పాళ్ళ వేడి
ఇంకా లోపలే ఉంటుంది, గంటకి ఒకటి,
రోజులు గడిచినా సున్నా కాదు.
గీత గీశాను. గీత కిందికి వంగింది,
నేలకి తగలకుండా బోర్డు అంచుదాకా పోయింది.
తొమ్మిది ముఖాల్లో తొమ్మిది గోడలు.

"ఊక బట్టీ లాగానాండీ?"

చెప్పు, అన్నాను.
"మా నాన్న లంకలో ఇటుక కాలుస్తాడండి.
మంట ఆగిపోయినా వారం దాకా
దగ్గరికి పోనివ్వడు.
పైకి చూస్తే ఒట్టి బూడిదేనండి, తెల్లగా.
చిన్నప్పుడు మా మేకపిల్ల ఎక్కేసింది."

అక్కడితో ఆపేసింది.
ఎవరూ ఏమీ అడగలేదు.
ఫ్యాను కూడా ఆవేళే కరెంటు పోయి ఆగింది.
పందొమ్మిదేళ్ళుగా తిరగేస్తున్న నా నోట్సులో
సమీకరణాలన్నీ ఉన్నాయి,
ఆ మేకపిల్ల లేదు.

అటు నెలలో క్లాసు పదింటికి మార్చేశాను.
కారణం రాయమంటే
"సాంకేతికం" అని రాశాను.
అబద్ధమైతే కాదు.

చివరి క్లాసులో ఆ పిల్లే అడిగింది:
"మరి చల్లారేదాకా అక్కడ ఎవరుంటారండీ?"
పంపులుంటాయి, అన్నాను.
కరెంటు పోతే డీజిల్ ఇంజన్లు,
అవీ ఆగితే ఎత్తున కట్టిన నీళ్ళ తొట్టి.
"అవి కాదండి. ఎవరు?"

గంట కొట్టింది.
పిల్లలు మెట్లు దిగిపోయారు,
ఆఖరి పంటుకి అందాలని ఆ పిల్ల అందరికన్నా ముందు.
డస్టరు చేతిలోకి తీసుకున్నాను,
గీత ఇంకా అంచుదాకా పోతూనే ఉంది,
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆరు దాటాక అటెండరు భద్రయ్య
తాళాల గుత్తి గలగలలాడిస్తూ గుమ్మంలో నిలబడి
"ఇంకా ఎవరన్నా రావాలాండీ?" అన్నాడు.